ఫెయిలైనవాడే లేని బడి

పోయిన నెల మా చిన్నవాణ్ణి బడిలో వేయడానికి హిందూపురం వెళ్ళి, బడి గేటు దగ్గరే కొయ్యబారిపోయాను. లోపలికి అడుగు పడదు, వెనక్కి రాదు. గేటు మీద బోర్డు. దాని పొడవెంతంటే రెండు జతల ఎద్దుల్ని దాని నీడన కట్టేసి నేను పోయి కాఫీ తాగి రావచ్చు. దాని మీద గుమ్మడికాయలంత అక్షరాలు: "నూటికి నూరు మంది ఉత్తీర్ణులు. మా బడిలో ఫెయిలైనవాడు లేడు." మా ఆవిడ రెండుసార్లు పిలిచి, మూడోసారి మోచేత్తో పొడిచింది. "ఏమి, గేటుకు మొక్కుకుంటాండావా? జనం చూస్తాండారు, లోపలికి పా!" అంది. నేను వినలేదు. ఇదే మాట, ఇదే ఊళ్ళో, మీసం మొలవని రోజుల్లో ఒకసారి చదివాను. ఊరు మారింది, జట్కాల పక్కన బస్సులొచ్చాయి, దొరలు పోయారు. ఆ మాట మాత్రం కొత్త రంగు వేయించుకుని అక్కడే కూర్చుని ఉంది.

అప్పట్లో మేం ధర్మవరంలో ఉండేవాళ్ళం. మా ఇంట్లో అందరికంటే పెద్దది మగ్గం. ఇల్లు కట్టి అందులో మగ్గం పెట్టలేదు, మగ్గం పెట్టి దాని చుట్టూ గోడలు లేపారని నాకు గట్టి అనుమానం. మిగిలిన జాగాలో మనుషులం సర్దుకునేవాళ్ళం. పొద్దున కళ్ళు తెరవకముందే సబ్బునీళ్ళలో పట్టు ఉడుకుతున్న వాసన ముక్కులోకి వచ్చి కూర్చునేది. ఆ వాసనలోనే సంగటి ముద్ద, ఆ వాసనలోనే మేం ఊరిబిండి అనే శనక్కాయల పచ్చడి. పెళ్ళిభోజనానికి వేరే ఊరు పోతే ఆ వాసన లేక అన్నం సహించేది కాదు నాకు. గడప దగ్గర మా అవ్వ రాట్నం ముందు కూర్చుని దారం చుట్టేది. మధ్యమధ్య నస్యం డబ్బా తీసేది. ఆ డబ్బా మూత తీస్తే పెనుకొండ కొండమీద మేకలు తుమ్మేవి. పట్టు మంచిదో కాదో కంటితో చూసేది కాదు, చెంపకు ఆనించి చూసేది. మనుషుల్ని కూడా ఆవిడ అట్లాగే చెంపకు ఆనించి చూస్తుందేమోనని మాకు భయం.

మా ఊరి చీరకు అంచు వెడల్పు. నేసేవాడి చెయ్యి ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోదు. అందుకని పక్కన ఒక పిల్లవాడు కూర్చుని, దారాన్ని మోసుకుపోయే నాడెను తన వైపు నుంచి విసరాలి. మాఘమాసం వచ్చిందంటే పెళ్ళిళ్ళు. దేశంలో ఏ మూల మేళం మోగినా మా వీధి పిల్లలు బడి మానాల్సిందే. సర్కారు వారికి ముహూర్తాల గొడవ పట్టదు. సరిగ్గా ఆ ముహూర్తాల నడిమధ్యనే ఎనిమిదో తరగతి పరీక్ష పెట్టేవారు. ఆ పరీక్షలో నూటికి ఎంతమంది గట్టెక్కారన్న ఒక్క లెక్క మీద బడి గుర్తింపు నిలబడి ఉండేది.

మా వైపు పంతుల్ని ఐవారు అంటాం. మా వీధి బడి ఐవారు ఎంత సన్నటి మనిషంటే, పక్కకు తిరిగితే ఉన్నాడో వెళ్ళిపోయాడో తెలిసేది కాదు. పిల్లలు బడికి రాని రోజుల్లో ఆయన బడినే చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. మగ్గం గుంత పక్కన గొంతుక్కూర్చుని, "విసురు అబ్బయ్యా, ఏడెనిమిదులు?" అనేవాడు. నాడె 'టక్' మంటే మా నోట్లోంచి "యాభయ్యారు!" ఒక విసురుకు ఒక ఎక్కం. అంచు సాగేకొద్దీ ఎక్కాలు సాగేవి. కొంగు పూర్తయ్యేసరికి వడ్డీలెక్కల్లో ఉండేవాళ్ళం. ఆ చప్పుళ్ళకు మా వీధి కాకులకు కూడా పన్నెండో ఎక్కం వచ్చేసిందని అవ్వ ఒట్టేసి చెప్పేది.

అంత చేసినా, ఆ ఏడు పరీక్ష ఫలితం వచ్చి మా వీధి నెత్తిన పిడుగులా పడింది. ఒక్కడంటే ఒక్కడు పాసయ్యాడు, వాడు కూడా ఒగరుస్తూ. ఇన్‌స్పెక్టరు వచ్చి, మరో ఏడు ఇట్లాగే ఉంటే బడి మూసేస్తామని చెప్పి పోయాడు. అంతకంటే పెద్ద విడ్డూరం ఇంకోటుంది. సంత బయలు దగ్గర ఇంకో బడి ఉండేది. ఆ ఐవారు హాజరు పిలుస్తూ పిలుస్తూ సగం పేర్లలోనే నిద్రపోయేవాడు. పిల్లలు ఆయన మేకల్ని మేపుకొచ్చి సాయంత్రం ఆయన్ని లేపేవారు. అక్కడ కూడా ఒక్కడే పాసు. ఇన్‌స్పెక్టరు రెండు బడులకూ ఒకే మాట చెప్పి, ఒకే జట్కాలో స్టేషనుకు పోయాడు. ఇల్లిల్లూ తిరిగిన మనిషికీ, గుర్రుపెట్టిన మనిషికీ ఒకే తూకం!

మా నాయన చీరల మూట భుజానేసుకుని రైల్లో పెనుకొండ, హిందూపురం తిరిగే మనిషి. ఒకరోజు హిందూపురం నుంచి పరుగున వచ్చాడు. మూట దించకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మా, హిందూపురంలో ఒగ బడి ఉండాది. ఆడ ఫెయిలైనోడే ల్యాడంట! గోడ మీద రాసి పెట్టినారు, నా కండ్లతో చూసినా."

అవ్వ రాట్నం ఆపింది. "ఒగడు గూడా ల్యాడా? చదివేది మనుషులేనా?"

"నీకన్నీ ఎకసెక్కాలే. వీణ్ణి ఆడ ఏస్తాండా. మేనత్త ఇంట్లో ఉంటాడు."

"ఒగ రాయి గూడా లేని బియ్యం అమ్ముతాండారంటే ఎవురో కూసోని ఏరింటారు కదరా. ఆ రాళ్ళు యాడ పోసినారో కనుక్కోని రాపో ముందర" అని అవ్వ మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

చీర కొనేటప్పుడు మా నాయన ఎట్లాంటివాడంటే, పైమడత చూసి మెచ్చుకున్నవాణ్ణి మూర్ఖుడనేవాడు. మొత్తం విప్పించి, తిరగేసి, వెనకవైపు ముడులు చూసి, వెలుతురుకు పట్టుకుని, అప్పుడు పెదవి విప్పేవాడు. ఆ మనిషి ఆ బడిని మాత్రం గోడమీద రాత చూసి కొనేశాడు. నేను మూటతో పాటు రైలెక్కాను.

హిందూపురంలో బెల్లం, చింతపండు కలిసిన గాలి పీలిస్తే చాలు, సగం చారు తాగినట్టే. మా మేనత్త తెలుగులో తిట్టి కన్నడంలో బుజ్జగించేది. ఆ రెంటి మధ్య సందులో దొరికినంత తిని నేను కాస్త ఒళ్ళు చేశాను. బడి మాత్రం బడి కాదు, కోర్టు. గోడలకు సున్నం, బల్లలకు మెరుగు, హెడ్మాస్టరుగారి తలపాగాకు గంజి. ఆ తలపాగా విప్పి పరిస్తే పెనుకొండ స్టేషను దాకా వస్తుందని నా పక్క బల్ల ఖాదరు అనేవాడు. ఖాదరు వాళ్ళ నాయన మస్తాన్‌సాబు పెనుకొండలో జట్కా తోలేవాడు. వాడూ నాలాగే గోడమీద రాత చూసి తెచ్చి వేసిన సరుకే.

నాకు లెక్కల గంట వచ్చిందంటే చెయ్యి ఊరుకునేది కాదు. ఏడెనిమిదులని అడిగితే కుడిచెయ్యి తనంతట తనే గాల్లోకి నాడె విసిరేది. చెయ్యి విసిరితేనే నోట్లోకి జవాబు వస్తుంది. నేనేం చెయ్యను? మాస్టరు దాన్ని వెటకారమనుకుని ఆ చేతిమీదే బెత్తం వేసేవాడు. చెయ్యి ఆగింది. చెయ్యితో పాటు ఎక్కాలూ ఆగాయి. పెద్ద పరీక్షకు ముందు వాళ్ళు ఒక చిన్న పరీక్ష పెట్టారు. నేను లెక్కల్లో పోయాను. ఖాదరు చలిజ్వరంతో వణుకుతూ రాసి అన్నిట్లో పోయాడు.

మర్నాడు హెడ్మాస్టరుగారు మా ఇద్దరితో పాటు ఒక వరుస మందిని తన గదిలోకి పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన గొంతులో తేనె. "చూడు బాబూ, నీకు ఈ ఊరి వాతావరణం సరిపడటం లేదు. నీ మేలు కోరి చెబుతున్నాను. మరో బడిలో నువ్వు వృద్ధిలోకి వస్తావు" అన్నారు. మూడు నెలలుగా ఆ వాతావరణంలో నేను చొక్కా గుండీలు పట్టనంత ఊరి ఉన్నాను. ఆ మాట చెప్పబోయేలోగా చేతిలో టీసీ పెట్టారు. మడత నలగకుండా, నవ్వు చెదరకుండా. ఫెయిలు అన్న మాట ఆయన నోట రాలేదు. ఎట్లా వస్తుంది? ఆ బడిలో ఆ మాటకు చోటే లేదు.

బయటికి వచ్చి గోడమీద రాత మళ్ళీ చదివాను. అది అబద్ధం కాదు! ఒక్క అక్షరం అబద్ధం లేదు! ఫెయిలయ్యేవాళ్ళంతా అప్పటికే గేటు బయట నిలబడి ఉన్నారు, టీసీ పట్టుకుని, నాతో సహా.

రైలు పెట్టెలో, కబురందుకుని వచ్చిన మా నాయన, నేను, ఎదురుగా ఖాదరు, మస్తాన్‌సాబు. ఆ పెట్టె నిండా మా బడి పిల్లలే, ప్రతివాడి జేబులో అదే మడత కాగితం. పెళ్ళివారి బోగీలా ఉండాల్సింది, శవం లేచిన ఇల్లులా ఉంది. మా నాయన కిటికీ వదిలి మస్తాన్‌సాబు వైపు తిరిగాడు.

"ఏమబ్బా మస్తానూ, ఇంగ యాడ ఏస్తావు పిల్లోణ్ణి?"

"యాడేముందప్పా. పెనుకొండ బడోళ్ళు గూడా మొన్న ఇట్లే ఏరి పారేసినారు. అందురూ ధర్మవరంకే పోతాండారంట. ఆడ ఎవురో ఐవారుండాడంట, ఎవుర్నీ కాదనడంట."

మా నాయన ముఖం సగమే ఉడికిన పట్టులా అయింది. ఆ ఐవారి బడి బాగాలేదనే కదా నన్ను అక్కణ్ణుంచి పట్టుకుపోయింది!

మా వీధి బడికి వెళ్ళి చూద్దును కదా, తిరునాళ్ళ. రొద్దం నుంచి ఒకడు, బుక్కపట్నం చెరువులో చేపలు పట్టేవాళ్ళ పిల్లవాడొకడు, పెనుకొండ నుంచి ఖాదరుతో సహా ఒక మంద. అందరూ పెద్ద బడులు ఏరి పారేసినవాళ్ళే. పోయిన ఏడు మేం మగ్గాల దగ్గర ఉన్నప్పుడు కూడా ఇట్లాగే వచ్చారట. పరీక్షకు నెలరోజుల ముందు వచ్చి, ఆ బడి పేరు మీద ఫెయిలై, వెళ్ళిపోయారట. ఇంట్లో అవ్వ నస్యం పీల్చి మా నాయన వైపు తిరిగింది.

"రాళ్ళు యాడ పోసినారో తెలిసిందా నాయనా? మనింటి ముందరే."

ఆ సాయంత్రం వీధి పెద్దలు బడి అరుగు మీద కూర్చున్నారు. ఈసారి ఫలితం పోతే బడి పోతుంది. బడి పోతే మగ్గాల దగ్గరకు వచ్చి ఎక్కాలు చెప్పే మనిషి ఇంకొకడు పుట్టడు. అందరికంటే పెద్ద మగ్గం ఉన్న నారాయణప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఐవారూ, చీర మడిచేటప్పుడు బాగుండే మడతే కదా పైన పెడతాం. మీరూ అదే సేయండి. వచ్చేటోళ్ళను ఓ నెల ఆపండి. మనోళ్ళలో గూడా మొద్దులుంటే ఇంట్లో కూసోబెట్టుకుంటాం. పరీచ్చ అయినంక అందుర్నీ పిల్చుకుందురు గానీ."

"అది మోసం గాదా నారాయణప్పా?" అన్నాడు ఐవారు.

"మోసం ఎట్లయితాదబ్బా? కిందిమడత గూడా మన చీరదే కదా!"

ఐవారు నవ్వాడు. ఆ సన్నటి ముఖంలో నవ్వుకు చోటు చాలక చెవుల దాకా పోయింది. "హిందూపురం వానికి పెనుకొండ ఉండాది. పెనుకొండ వానికి నేనుండా. నేను గూడా టీసీ ఇచ్చినానంటే ఈళ్ళు యాడికి పోతారప్పా? నా ఎనక మేలుకోని ఉండే బడి ఇంగోటి ల్యాదు. మగ్గం గుంతే."

మా నాయన తలదించుకుని అరుగు రాళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

ఆ నెల మమ్మల్ని ఐవారు రుబ్బురోట్లో వేసి రుబ్బాడు. ఖాదరు మగ్గం ముఖం ఎరగడు. వాడికి జట్కా కళ్ళేలు చేతికిచ్చి, గుర్రం అడుగుకో ఎక్కం చెప్పించాడు. బుక్కపట్నం వాడు వల విసిరినట్టు చేతులాడించి భిన్నాలు చెప్పేవాడు. పరీక్షలయ్యాయి. తర్వాత ఇన్‌స్పెక్టరు పిల్లల్ని నోటితో అడిగి చూడడానికి వచ్చాడు. కోటు, బూటు, అద్దాలు. ఆ అద్దాల మందం బావిలోకి తొంగిచూసినట్టుండేది.

"ఏడెనిమిదులు?"

తరగతి మొత్తం చెయ్యి విసిరింది. ఒక పక్క నాడెలు, ఒక పక్క వలలు, వెనక వరుసలో ఖాదరు గుర్రాన్ని అదిలించాడు. "యాభయ్యారు!" అన్న కేక వచ్చింది గానీ, ఇన్‌స్పెక్టరు చెవిదాకా చేరలేదు. ఆయన అప్పటికే కుర్చీతో సహా వెనక్కి జరిగి ఉన్నాడు. తనను కొట్టడానికి లేచారనుకున్నాడు పాపం!

"ఇదేం తరగతి? ఇది కోతుల గుంపు!" అన్నాడు.

"దొరా, జవాబు సరిగానే చెప్పినారు కదా" అన్నాడు ఐవారు.

ఇన్‌స్పెక్టరు ఫలితాల కాగితం తీశాడు. నేను పాసు, ఖాదరు పాసు, ఇంకొందరు పాసు. ఎక్కువమంది పోయారు. "సగానికి కూడా రాలేదు" అని పెదవి విరిచాడు. ఐవారు చేతులు కట్టుకునే ఒక మాటన్నాడు. "దొరా, పాసైన ఈ పిల్లోళ్ళల్లో, నూటికి నూరని గోడ మీద రాసుకున్న బడి ఎలగొట్టినోళ్ళుండారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఈళ్ళకు ఎంత వచ్చు, ఇప్పుడెంత వచ్చు, అది గూడా రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు. కాగితాన్ని కిందికీ పైకీ నిజంగానే వెతికాడు. తర్వాత జాలిగా అన్నాడు: "దానికి ఇందులో గడి లేదయ్యా."

బడి గుర్తింపు పోయింది. ఆ మధ్యాహ్నం మా వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పెళ్ళిళ్ళ కాలంలో మగ్గం ఆగడం మా అవ్వ జన్మలో చూడలేదట. ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి కాకులు ఊరు దాటిపోయాయి. గుర్రుపెట్టే ఐవారి బడికి మాత్రం ఏమీ కాలేదు. అక్కడ ఆ ఏడు పరీక్షకు పోయింది ఇద్దరే, ఇద్దరూ పాసు. మిగతావాళ్ళు మేకల వెంట కొండకు పోయి పరీక్ష సంగతే మర్చిపోయారు. ఇన్‌స్పెక్టరు ఆ బడి 'అద్భుతంగా మెరుగుపడిందని' మెచ్చుకుని పోయాడు. అది విన్న రోజున మా నాయన అన్నం ముద్ద నోటి దగ్గరే పట్టుకుని, చల్లారేదాకా అట్లాగే కూర్చున్నాడు.

ఐవారు మా ఇంట్లో అవ్వ పక్కన కూర్చుని దారం చుట్టడం నేర్చుకున్నాడు. ఆయన చుట్టిన దారం ఎంత చిక్కుపడేదంటే, అవ్వ నెత్తీ నోరూ కొట్టుకుని, "ఐవారూ, మీరు పిల్లోళ్ళ చిక్కులు తీసేదానికే పనికొస్తారు" అనేది.

ఏడాది తిరిగింది. ఒక పొద్దున మా గడప ముందు గంజిపెట్టిన తలపాగా ఒకటి ఆగింది. దాని కింద హిందూపురం హెడ్మాస్టరుగారు! మగ్గంలో కూర్చున్న నేను నాడె విసరబోయి నా మోకాలికే విసురుకున్నాను. ఆయన ముఖం వాడిపోయి ఉంది. మాట తడబడుతూ చెప్పారు. ఆ ఏడు కూడా ఎప్పటిలాగే టీసీలు రాసి ఉంచారట. తల్లిదండ్రులు తీసుకోలేదు. "యాడికి పిల్చుకోని పొమ్మంటారు? ధర్మవరం బడి మూసినారు కదా, ఇంగ మిగిలింది మేకల బడే" అని వచ్చి గేటు ముందు బైఠాయించారట. మస్తాన్‌సాబు అప్పటికే అక్కడ చదువుతున్న తన రెండో కొడుకు కోసం పెనుకొండ నుంచి జట్కా తోలుకొచ్చి అడ్డం పెట్టాడట. చేసేదిలేక అందర్నీ పరీక్షకు పంపితే, ఫలితం వచ్చింది. గోడమీద రాత రాత్రికి రాత్రి చెరిపించారట.

"నేను ఇన్‌స్పెక్టరుగారికి సిఫారసు చేస్తాను. మీ బడి మళ్ళీ తెరవండి పంతులుగారూ" అన్నారు ఆయన.

ఈయన నూరు నిలవాలంటే మా ఐవారు ఉండాలి! ఆయన గోడకు పునాది మా వీధిలో ఉంది! అవ్వ లేచి నిలబడింది. ఆవిడ లేచి నిలబడడం చూసినవాళ్ళు మా వీధిలో తక్కువ.

"ఏమప్పా పెద్దమనిషీ, నీ చెత్త పోసుకునేదానికి మా వాకిలి కావాల్నా?"

ఐవారు చేతిలో చిక్కుబడిన దారం పక్కన పెట్టాడు.

"తెరుస్తా సార్" అన్నాడు.

అవ్వ కూలబడింది. తలపాగా వీధి మలుపు తిరిగేదాకా ఓపికపట్టి, తర్వాత అందరం ఒక్కసారే ఐవారి మీద పడ్డాం. "సిగ్గు ల్యాదా ఐవారూ! ఆయప్ప మళ్ళా గోడ మీద రాపిచ్చుకుంటాడు. నీకు మళ్ళా అదే సున్నా!" అంది అవ్వ.

"రాపిచ్చుకోనీ అవ్వా. నూరు ఆయప్ప కాడుండనీ, పిల్లోళ్ళు నా కాడుంటారు" అన్నాడు ఐవారు. అని, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బడి తాళంచెవి కోసం పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం అదే మొదటిసారి చూశాను. గాలికి పటం ఎగిరినట్టే పోయాడు.

ఇదంతా ఆ గేటు దగ్గర ఎంతసేపు గుర్తు చేసుకున్నానో గానీ, మా ఆవిడ ఈసారి మోచెయ్యి కాదు, గొడుగు వాడింది. లోపలికి వెళ్ళాను. గుమాస్తా ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు.

"మీ బడిలో టీసీ తీసుకున్న పిల్లలు యాడ చేరుతారు బాబూ?" అని అడిగాను.

"అట్లాంటోళ్ళు మా దగ్గర ఉండరు సార్."

"మీ దగ్గర ఉండరు, తెలుసు. ఎవరి దగ్గర ఉంటారు?"

అతను పెద్ద గుమాస్తాను పిలిచాడు. ఆయన నా ముందుకు దరఖాస్తు కాగితం జరిపాడు. నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చి జట్కా పిలిచాను.

"యాడికి సామీ?"

"ఈ చుట్టుపక్కల శానామంది ఫెయిలయ్యే బడులుంటాయి కదా, అన్నిటికీ తిప్పు. ఐవారు నిద్రపోతాంటే జట్కా దిగను. మేలుకోని ఉంటే వీణ్ణి ఆడ ఏస్తా."

జట్కావాడు కళ్ళేలు వదిలేసి నా ముఖం చూశాడు. మా ఆవిడ గొడుగు జారిపోయింది. మా చిన్నవాడు మాత్రం వెనక సీట్లో కూర్చుని, ఏమీ తోచక, జట్కా కదలగానే గుర్రం అడుగులకు లయగా కాలాడించడం మొదలుపెట్టాడు.